చాప వేస్తే చోటు మీదేనా?

సంక్రాంతి వెళ్ళింది మొదలు ఎండలు ముదిరేదాకా అనకాపల్లి జిల్లాలో ఏదో ఒక ఊళ్ళో తీర్థం జరుగుతూనే ఉంటుంది. దేవరాపల్లి, చోడవరం, చీడికాడ, కె.కోటపాడు వైపు పల్లెల్లో అమ్మవారి పండగంటే పగలు మొక్కుబడులు, చుట్టాల భోజనాలు, రాత్రి స్టేజీ ప్రోగ్రాం. ఒకప్పుడు హరికథ, బుర్రకథ, పద్యనాటకం ఉండేవి. ఇప్పుడు వాటితోపాటు, చాలాచోట్ల వాటి బదులు, సినిమా పాటల ఆర్కెస్ట్రా, డాన్సు ట్రూపు వస్తున్నాయి. టిక్కెట్టు ఉండదు. ఖర్చు ఇంటింటి చందాలతో గడుస్తుంది. స్టేజీ ముందున్న నేల మీద చందా ఇచ్చినవాళ్ళకీ, ఇవ్వలేనివాళ్ళకీ ఒకటే హక్కు. తగాదా వచ్చేది కూడా ఆ నేల దగ్గరే.

స్టేజీకి ఇంకా గుడ్డలు కడుతుండగానే చాపలు దిగుతాయి. పెద్దవాళ్ళు వంటపనిలో ఉండి, పిల్లల చేతికి చుట్టిన చాపో బరకమో ఇచ్చి పంపిస్తారు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి పిల్లలు ఆటలకు పోతారు. చీకటి పడేసరికి ముందు భాగమంతా చాపలే, మనుషులు మాత్రం పదిమంది ఉండరు. ప్రోగ్రాం మొదలయ్యాక కూడా వెనక జనం నిలబడే ఉంటారు, ముందు చాపలు ఖాళీగానే ఉంటాయి. నిలబడలేని ముసలామె ఎవరో ఒక చాప అంచున కూలబడుతుంది. ‘ఇది మా చాపమ్మా, మావోలు ఒస్తన్నారు’ అని ఒకరు. ‘ఎప్పుడొత్తారు, సగం అయిపోనాకా?’ అని ఇంకొకరు. మాటా మాటా పెరిగి, ఎప్పటిదో పొలం గట్టు గొడవ కూడా ఆ చాప మీదకే వస్తుంది.

ఇలాంటివి ప్రతి ఊళ్ళోనూ ఉండేవేనని కమిటీ పెద్దలు సర్దిచెప్పి ఊరుకుంటారు. అలా ఊరుకోదగ్గ విషయం కాదిది. ఊరంతా ఒకేచోట, ఒకే నేల మీద, ఒకే ఎత్తులో కూర్చునే రాత్రులు ఏడాదిలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ రాత్రి ఎవరికి ఎక్కడ చోటు దొరికిందన్నది మనసులో ఉండిపోతుంది.

చాపను తప్పుపట్టే ముందు అది చేసిన మేలు చెప్పుకోవాలి. పాత రోజుల్లో ఊరి నాటకానికి ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులమే చెప్పేది. పెద్దకులాల మగవాళ్ళు స్టేజీకి ఎదురుగా, ఆడవాళ్ళు ఒక పక్కగా, దళితులు అందరికన్నా వెనక, దీపాల వెలుతురు సరిగా అందని చోట. ముందొచ్చినవాళ్ళదే ముందు చోటు అనే పద్ధతి ఆ గీతల్ని చాలావరకు చెరిపేసింది. పెందరాళే వచ్చి చాప పరిచిన కూలిమనిషిని లేవమనే ధైర్యం ఇవాళ ఏ మోతుబరికీ లేదు. అందుకే ‘చాపలు వేయకూడదు’ అని నిషేధం పెట్టమనేవాళ్ళతో ఏకీభవించడం కష్టం. చాపల పద్ధతి తీసేస్తే ఆ ఖాళీలోకి వచ్చేది సమానత్వం కాదు, పలుకుబడి.

అప్పట్లో చాపకు ఇంకో పని కూడా ఉండేది. పద్యనాటకం రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లవారుజామున గాని ముగిసేది కాదు. ‘సత్య హరిశ్చంద్ర’లో కాటి సీను వచ్చేసరికి అర్ధరాత్రి ఎప్పుడో దాటిపోయేది. పిల్లలు నిద్రపోవడానికే తల్లులు చాపలు, దుప్పట్లు తెచ్చుకునేవాళ్ళు. చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్ళు మధ్యలో ఇళ్ళకు పోయేవాళ్ళు. ఒక్కో ఖాళీ ఏర్పడుతుంటే వెనకవాళ్ళు ఒక్కో బారెడు ముందుకు జరిగేవాళ్ళు. కాటి సీను కోసమే వచ్చిన రసికుడికి ఆ వేళకు స్టేజీ దగ్గర చోటు దొరకడం ఖాయం. సగం తగాదాలు రాత్రి పొడవులోనే తీరిపోయేవి.

ఇప్పుడా వెసులుబాటు పోయింది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలించవచ్చు. అమలు ఊరికో తీరుగా ఉన్నా, రాత్రంతా సాగే నాటకం అరుదైపోయి మూడు నాలుగు గంటల ప్రోగ్రాం మామూలైంది. ఇంత తక్కువ వ్యవధిలో మధ్యలో లేచిపోయేవాళ్ళు ఉండరు. మొదట్లో దొరకని చోటు ఇక దొరకదు. వ్యవధి తగ్గినా చాపల పద్ధతి మాత్రం పాతదే. తెల్లవార్లూ నడిచే నాటకానికి పుట్టిన అలవాటును మూడు గంటల ఆర్కెస్ట్రాకు వాడుతున్నాం.

దీనివల్ల నష్టపోయేది ఎవరో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. స్టేజీ వీధిలో ఇల్లున్నవాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు చాప పరుచుకోగలరు. దేవరాపల్లి మండలంలో ఊళ్ళన్నీ రోడ్డు పక్కన లేవు. రైవాడ జలాశయం వైపు, అనంతగిరి కొండల అంచున గిరిజన పల్లెలున్నాయి. పొద్దుగూకి పని దిగాక, వండుకు తిని, ఆటో మాట్లాడుకుని వాళ్ళు చేరేసరికి ముందు నేలంతా చాపలతో నిండి ఉంటుంది. రాత్రి దాకా కూలి చేసే ఆడవాళ్ళదీ, దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ళదీ ఇదే పరిస్థితి. ముందు రావడం అంటే తీరిక ఉండటం. తీరిక అందరికీ సమానంగా పంచి లేదు. కాబట్టి ముందొచ్చినవాళ్ళదే చోటు అనే మంచి నియమం కూడా మనిషి రాకుండా చాప మాత్రమే వచ్చినప్పుడు అన్యాయంగా మారుతుంది.

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడం తెలియని తెలుగువాడు ఉండడు. దాని మీదా గొడవలవుతాయి, అయినా అందులో ఒక న్యాయం ఉంది. తువ్వాలు వేసినవాడు తలుపు దగ్గరే తోసుకుంటూ ఉంటాడు, నిమిషంలో వచ్చి కూర్చుంటాడు. తీర్థంలో చాప పరిచినవాడు ఇంటి దగ్గర స్నానం చేస్తుంటాడు. మొదటిది వస్తున్న మనిషికి గుర్తు, రెండోది మనిషే లేని చోట జాగా ఆక్రమించడం. ఈ తేడా పట్టుకుంటే తగాదా చాలావరకు తీరిపోతుంది.

అయితే చాపల గురించి ఇంత మాట్లాడి సోఫాల గురించి మాట్లాడకపోవడం న్యాయం కాదు. టెంట్ హౌస్ నుంచి తెచ్చిన సోఫాలు, తెల్లగుడ్డ తొడిగిన కుర్చీలు అన్ని చాపలకంటే ముందు ఉంటాయి. అవి ముఖ్య అతిథులకు, నాయకులకు, పెద్ద చందాలు ఇచ్చినవాళ్ళకు. అతిథి వస్తాడు, శాలువా కప్పించుకుంటాడు, నాలుగు మాటలు చెప్పి కారెక్కుతాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళూ వెళ్ళిపోతారు. మిగతా రాత్రంతా ఆ వరస ఖాళీ. దాని వెనక కూర్చున్నవాళ్ళకు సోఫా వీపులే కనిపిస్తాయి. ఎత్తయిన సోఫా ఒక్కటి వేస్తే దాని వెనక నేల మీదున్న నలుగురైదుగురికి స్టేజీ కనబడదు. నగరాల్లో ప్రభుత్వం జరిపే ఉత్సవాల్లో బారికేడ్లు కట్టిన వీఐపీ గ్యాలరీది ఇదే పద్ధతి, కాస్త పెద్ద ఎత్తున. పేదింటి చాపను లేపే వలంటీరు ఖాళీ సోఫా జోలికి పోనంతకాలం అతని మాటకు విలువ ఉండదు, ఉండకూడదు కూడా.

చోటు పట్టుకునేవాళ్ళను తిట్టడం కంటే వాళ్ళ అవసరాన్ని చూడటం మేలని తిరుమల గరుడసేవ నేర్పుతుంది. బ్రహ్మోత్సవాల ఐదో రోజు రాత్రి జరిగే ఆ సేవకు మాడవీధుల గ్యాలరీల్లో సుమారు రెండు లక్షల మంది కూర్చుంటారు. వాహనం కదిలేది సాయంత్రం. జనం ఉదయం నుంచే చోటు చూసుకుని కూర్చుంటారు. లేస్తే చోటు పోతుందన్న భయం అక్కడా ఉంది. అందుకే దేవస్థానం సిబ్బంది, శ్రీవారి సేవకులు అన్నప్రసాదం, మజ్జిగ, మంచినీళ్ళు కూర్చున్నచోటికే తెచ్చి ఇస్తారు. మనిషి లేవాల్సిన అవసరం తగ్గితే తన బదులు గుడ్డనో సంచినో పెట్టి వెళ్ళాల్సిన అవసరమూ తగ్గుతుంది. పల్లె కమిటీకి దేవస్థానమంత బలగం ఉండదు. స్టేజీ పక్కన రెండు మంచినీళ్ళ డ్రమ్ములు, ఆడవాళ్ళకు దగ్గరలో ఒక మరుగుదొడ్డి మాత్రం ఎవరైనా ఏర్పాటు చేయగలరు. చాలా తీర్థాల్లో ఆ రెండోది ఉండదు. తల్లులు చాప మీద ఒక పిల్లను కాపలా ఉంచి దూరంగా చీకట్లోకి పోవాల్సి వస్తుంది. ఇది మర్యాద సమస్య కాదు, ఏర్పాట్ల లోపం.

బయటి దేశాలకూ ఈ తలనొప్పి కొత్తది కాదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1962లో మొదలైన డెలకోర్ట్ థియేటర్‌లో వేసవి నాటకాలు ఉచితం. టిక్కెట్ల కోసం తెల్లవారుజామునే వరస కడతారు. ఒక్కొక్కరికి రెండే టిక్కెట్లు, ఆలస్యంగా వచ్చిన స్నేహితుల్ని మధ్యలో చేర్చుకోవడం కుదరదు. జపాన్‌లో చెర్రీ పూల కాలంలో ఆఫీసు బృందాలు పార్కులో కూర్చోవడానికి ఒక కొత్త ఉద్యోగిని పొద్దున్నే పంపి నీలి షీటు పరిపిస్తాయి. చాలా పార్కులు మనిషి లేని షీటును మాత్రం ఒప్పుకోవు, తీసేస్తాయి. రెండు చోట్లా నియమం ముందే తెలిసి ఉంటుంది. కూర్చున్నవాడూ నిలబడ్డవాడూ వాదించుకోవాల్సిన పని లేదు.

మన తీర్థాల్లో లేనిది అదే. స్టేజీ మీద మైకు ఉంటుంది, సాయంత్రం నుంచి చందాదారుల పేర్లు చదువుతూనే ఉంటారు. ఆ పేర్ల మధ్య నాలుగు మాటలు చెప్పడానికి ఎవరికీ తోచదు. చెప్పాల్సింది ఎక్కువేం కాదు. చాప దగ్గర ఇంటివాళ్ళు ఒకరైనా కూర్చుని ఉండాలి. ఒక మనిషి కాపలా ఉండి పట్టగలిగేది నలుగురికి, పన్నెండుమందికి కాదు. ప్రోగ్రాం మొదలై పావుగంట దాటాక ఖాళీగా ఉన్న నేల, ఖాళీగా ఉన్న సోఫా, రెండూ నిలబడ్డవాళ్ళవి. ముందు ముసలివాళ్ళకు, వికలాంగులకు, గర్భిణులకు. నేల మీద కూర్చోలేనివాళ్ళ కుర్చీలు పక్కలకో, చాపల వెనక్కో వేయాలి. మధ్యలో వేస్తే వెనకవాళ్ళకు ఏమీ కనబడదు. ఫోన్ పైకెత్తి వీడియో తీసేవాళ్ళకూ ఇదే మాట. దూరపు పల్లెల నుంచి వచ్చేవాళ్ళ కోసం ఒక పక్క, తాడు కట్టి, ప్రోగ్రాం మొదలయ్యేదాకా కొంత నేల విడిచిపెట్టొచ్చు. దానికి అభ్యంతరం చెప్పే స్టేజీ వీధివాళ్ళు, తమ ఆడపడుచులు అత్తవారి ఊరి తీర్థంలో ఎక్కడ నిలబడుతున్నారో ఒకసారి తలుచుకోవాలి.

ఇంకొకటి ఉంది, మర్యాద కంటే పెద్దది. చాపలు ఒకదాని అంచు మీద ఒకటి పరిచి స్టేజీ నుంచి వీధి దాకా అడుగు పెట్టే సందు లేకుండా చేస్తున్నారు. కరెంటు తీగ తెగినా, వానకు జనం ఒక్కసారి లేచినా పిల్లలు కింద పడతారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం ఎదురుచూస్తున్న జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అదే ఏడాది నవంబరు 1న కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడిలో ఏకాదశి రద్దీకి మళ్ళీ ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా వచ్చినవాళ్ళు భక్తితో వచ్చినవాళ్ళే, తప్పు వాళ్ళది కాదు. జనం నడిచే దారిని ముందే గీసి, కాపాడేవాళ్ళు ఉండాలి. మధ్యలో ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, మొత్తం మూడు దారులు సున్నంతో గీసి, ఆ గీత మీద ఎవరి చాపా పడకుండా చూడటానికి ఊరి కుర్రాళ్ళు నలుగురు చాలు.

తీర్థం కమిటీలు మైకు కోసం పోలీసుల అనుమతి తీసుకుంటాయి. సమయం, సౌండు, బందోబస్తు గురించి షరతులు అప్పుడే రాస్తారు. నడిచే దారులు, ఖాళీ సోఫాల సంగతి, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, ఈ మూడూ ఆ కాగితంలోనే చేర్చమని చోడవరం, మాడుగుల వైపు పంచాయతీలు అడగొచ్చు. కనుమ, ముక్కనుమ తీర్థాలకు చందా పుస్తకాలు అచ్చువేసే లోపు అడిగితే వచ్చే సంక్రాంతికే అమలవుతుంది.