రైలు ఆగదు, బుజ్జిగాడు ఆగడు

డైపర్ వదలని పసివాడితో దూరప్రయాణం ఓడలోనైనా రైల్లోనైనా పరీక్షే. ఆ పరీక్ష రాయాల్సింది పిల్లాడు కాదు, పెద్దలు.

వేసవి సెలవులు మొదలయ్యాయంటే చాలు, ఖరగ్‌పూర్ స్టేషన్‌లో తెలుగు మాటలు జోరుగా వినిపిస్తాయి. హౌరా నుంచి వచ్చే చెన్నై, సికింద్రాబాద్ రైళ్ల కోసం ప్లాట్‌ఫారమ్ మీద పెట్టెలు, నీళ్ల సీసాలు, ఊళ్లో చుట్టాల కోసం కొన్న మిఠాయి పొట్లాలు. వాటి మధ్య తల్లి చంకలో రెండేళ్ల పిల్లాడు. ‘‘రైలెక్కే ముందు ఒక్కసారి ఉచ్చ పోసుకో నాన్నా’’ అని తల్లి బతిమాలుతుంది. వాడు రాదంటాడు. రైలు కదిలి పది నిమిషాలు కాకముందే వస్తోందంటాడు. లేదా అసలు ఏమీ చెప్పడు. బెర్తు తడిశాక పక్కావిడే చెబుతుంది.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ ప్రయాణం తరాలుగా అలవాటే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం వచ్చినవారి మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఆ రైల్వే కాలనీల్లో ఉన్నారు. వి.వి.గిరి 1928లో సమ్మె నడిపించింది ఆ రైల్వే కార్మికుల చేతనే. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ప్రధాన కారణం కూడా ఈ ఊరి తెలుగువారే. ఉద్యోగం అక్కడ, అమ్మమ్మ ఇక్కడ. మధ్యలో విశాఖ దాకా లెక్కేస్తే సుమారు 760 కిలోమీటర్ల పట్టాలు. పసివాడికి బాత్రూమ్ అలవాటయ్యేదాకా ఆగుదామంటే తాతామామ్మలు మనవడి ముద్దుమాటలు వినే వయసు దాటిపోతుంది. అందుకే ఆగరు, బయల్దేరతారు.

డబ్బున్న కుటుంబాలకు ఇదే చిక్కు ఓడలో ఎదురవుతుంది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ విహార నౌక విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ప్రయాణికులను తీసుకెళ్లింది. 2023 సెప్టెంబర్‌లో విశాఖ ఓడరేవులో ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఇక అమెరికాలో ఉన్న తెలుగువారికి కరీబియన్ దీవుల ఓడ ప్రయాణం సంక్రాంతికి ఊరెళ్లినంత మామూలు. అయితే చంటిపిల్లాడితో టికెట్ కొన్నాక చాలామందికి ఒక నిబంధన తెలిసొస్తుంది. డైపర్ మానని పిల్లలను ఓడలోని ఈతకొలనులోకి రానివ్వరు. నీళ్లలో వేసే ప్రత్యేక డైపర్ తొడిగినా ఒప్పుకోరు. మూడేళ్ల లోపు వారిని, మూడేళ్లు నిండినా బాత్రూమ్ అలవాటు కాని వారిని పిల్లల క్లబ్బుల్లో చేర్చుకోవడం కూడా అరుదే.

చూడ్డానికి ఇది కఠినంగా కనిపిస్తుంది కానీ దీని వెనుక కారణం ఉంది. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి విరేచనాలు తెప్పిస్తుంది. క్లోరిన్ సరిగా కలిపిన నీటిలో కూడా అది వారం రోజులకు పైగా బతకగలదు. డైపర్ ఎంత బిగుతుగా ఉన్నా అలాంటి క్రిములను పూర్తిగా ఆపలేదు. వేలాదిమంది కలిసి తిని, కలిసి మునిగే ఓడలో ఒక్క పిల్లాడి విరేచనం ఎందరినో మంచాన పడేయగలదు. అందుకే అమెరికా రేవులకు వచ్చే ఓడలపై అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ నిఘా పెడుతుంది. కొన్ని ఓడల్లో పసివాళ్లకు విడిగా నీళ్లు చిమ్మే చోటు ఉంటుంది. లేని ఓడలో పిల్లాడికి గదిలోని స్నానపుతొట్టే సముద్రం. అదీ లేకపోతే ఒక బకెట్టు. టికెట్ కొనకముందే ఈ సంగతి అడిగి తెలుసుకుంటే ఓడెక్కాక గొడవపడాల్సిన పని ఉండదు.

రైల్లో ఈతకొలను లేదు కాబట్టి అంత నిబంధనా లేదు. అలాగని అక్కడ చేసే తప్పుకు బాధితులు లేరనుకుంటే పొరపాటే.

రైలుకూ మరుగుదొడ్డికీ ఉన్న సంబంధంలో బెంగాల్‌కు ఒక ప్రత్యేక స్థానముంది. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు అహ్మద్‌పూర్ స్టేషన్‌లో పనస తొనలు తిని కడుపు ఉబ్బి, చెంబు పట్టుకుని దిగాడు. పని పూర్తికాకముందే గార్డు ఈల వేశాడు. ఒక చేత్తో చెంబు, మరో చేత్తో ధోవతి పట్టుకుని పరుగెత్తి అందరి ముందూ పడిపోయాడు. ఆ అవమానాన్ని అధికారులకు రాసుకున్న లేఖ ఢిల్లీ రైలు మ్యూజియంలో చోటు సంపాదించింది. దిగువ తరగతి పెట్టెల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ లేఖే కారణమని చెప్పుకుంటారు. ఎదిగిన మనిషికే అంత అగచాట్లయితే, ఆపుకోవడమంటే ఏమిటో ఇంకా తెలియని రెండేళ్లవాడిని ఏమనగలం?

సేన్ తర్వాత వందేళ్ల పాటు రైలు మరుగుదొడ్డి అంటే అడుగున రంధ్రమే. పడిందల్లా పట్టాల మీదే. స్టేషన్లలో దాన్ని ఊడ్చింది మనుషులు. పాకీపనికి వ్యతిరేకంగా పోరాడి 2016లో మెగసెసె అవార్డు పొందిన బెజవాడ విల్సన్ నాయకత్వంలోని సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చిలో తీర్పు ఇస్తూ, పట్టాల మీద ఈ పనిని గడువు పెట్టుకుని అంతం చేయాలని రైల్వేలను ప్రత్యేకంగా ఆదేశించింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓతో కలిసి రైల్వే తెచ్చిన బయో టాయిలెట్లు ఇప్పుడు దేశమంతటా ఉన్నాయి. పెట్టె కింద అమర్చిన ట్యాంకులోని బాక్టీరియా మలాన్ని నీరుగా, వాయువులుగా మార్చేస్తుంది.

కానీ ఆ బాక్టీరియా డైపర్‌ను తినలేదు. డైపర్‌లో ఉండేది ప్లాస్టిక్, నీటిని పీల్చి జెల్లీలా ఉబ్బే రసాయన పొడి. దాన్ని కమోడ్‌లో పడేస్తే గొంతుకు అడ్డంపడ్డ ఉండలా కూర్చుంటుంది. 2017లో కాగ్ నివేదిక తనిఖీ చేసిన 25 వేల పైచిలుకు బయో టాయిలెట్లలో ఒక్క ఏడాదిలోనే లక్షకు పైగా సార్లు గొట్టాలు మూసుకుపోయినట్టు తేల్చింది. సీసాలు, గుట్కా పొట్లాలు, గుడ్డముక్కలు, టీ కప్పులు... పడేసినవాళ్లు తమ స్టేషన్‌లో దిగిపోతారు. మిగిలిన రాత్రంతా ఆ పెట్టెలోని వారు ముక్కు మూసుకుంటారు. చివరికి డిపోలో ఎవరో ఒక కార్మికుడు చెయ్యి పెట్టి దాన్ని లాగాల్సి వస్తుంది. ఏ పని అంతం కావాలని కోర్టు చెప్పిందో, దాన్ని మళ్లీ ఒకరి చేతికి అప్పగించేది ఇలాంటి నిర్లక్ష్యమే. వాడిన డైపర్‌ను పొట్లం కట్టి వేరుగా ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. పాత వార్తాపత్రిక, ఒక సంచి ఉంటే చాలు. కిటికీలోంచి విసరడం కూడా పరిష్కారం కాదు. పట్టాల పక్కన కూడా మనుషులు ఉంటారు.

అసలు ఇన్ని తిప్పలు ఎందుకు, ప్రయాణానికి ముందే అలవాటు చేసేస్తే పోలా అని అత్తగార్లు అంటారు. ‘‘మా రోజుల్లో ఏడాదికల్లా మానిపించాం’’ అని కూడా అంటారు. అందులో అబద్ధం లేదు. కాళ్లు బారచాపి, పాదాల మధ్య పసివాణ్ని కూర్చోబెట్టి, ‘సూ... సూ...’ అంటూ లేవగానే ఒకసారి, పాలు తాగాక ఒకసారి పోయించే పద్ధతి తెలుగిళ్లలో అందరూ ఎరిగిందే. తూర్పు ఆఫ్రికాలోని డీగో తెగ తల్లులు ఇలాంటి పద్ధతితోనే అయిదారు నెలలకే పిల్లలను పొడిగా ఉంచగలుగుతున్నారని 1977లో ఒక అధ్యయనం వచ్చింది. అయితే అక్కడ పిల్లాడి సైగ కనిపెట్టే మనిషి రోజంతా వాడిని అంటిపెట్టుకుని ఉంటుంది.

పట్నాల్లో ఆ మనిషి తగ్గిపోయింది. ఆమె స్థానంలో డైపర్ వచ్చింది. అమెరికన్ పిల్లల వైద్యుడు బ్రేజిల్టన్ 1962లో 1,170 మంది పిల్లలపై ప్రచురించిన అధ్యయనంలో, పగటిపూట అలవాటు కుదిరే సగటు వయసు 28 నెలలు దాటింది. ఆయన చెప్పింది ఒకటే. పిల్లాడు సిద్ధమయ్యేదాకా ఆగండి. రెండు గంటలపాటు పొడిగా ఉండటం, నిక్కరు తనంతట తాను కిందికి లాగగలగడం, వస్తోందని మాటతోనో సైగతోనో చెప్పడం ఆ సిద్ధానికి గుర్తులు. అంటే రెండున్నరేళ్లవాడు ఇంకా డైపర్‌లో ఉన్నాడంటే తల్లి పెంపకం తప్పు కాదు. ఏడాదికే మానేశాడంటే అది వాడి తెలివితేటలూ కాదు. అది ఇంట్లో ఎన్ని చేతులున్నాయనేదాని మీద కూడా ఆధారపడుతుంది.

టికెట్ తేదీని గడువుగా పెట్టుకుని పదిరోజుల్లో నేర్పేద్దామనుకోవడం పెద్ద పొరపాటు. కొత్త చోటు, ఊగే నేల, కింద నుంచి వచ్చే చప్పుడు. వందేభారత్ లాంటి రైళ్లలో వాక్యూమ్ ఫ్లష్ ఒక్కసారిగా చేసే శబ్దానికి పెద్దవాళ్లే ఉలిక్కిపడతారు. భయపడిన పిల్లాడు బిగపడతాడు. రెండు రోజులు బిగపడితే మలం గట్టిపడి నొప్పి పుడుతుంది. నొప్పి పుడితే ఇంకా బిగపడతాడు. ఇంట్లో చక్కగా నేర్చుకున్నవాడు కూడా ప్రయాణంలో మర్చిపోవడం మామూలే. ఊరు చేరి నాలుగు రోజులు నెమ్మదిస్తే మళ్లీ దారికొస్తాడు. కొత్తగా నేర్చినవాడికి రాత్రికి డైపర్ వేసినంత మాత్రాన నేర్చింది పోదు. నిద్రలో పక్క తడపడాన్ని అయిదేళ్ల లోపు వైద్యులు జబ్బుగానే లెక్కించరు.

ఇంకో పొరపాటు ప్రమాదకరమైంది. బెర్తు తడుస్తుందేమోనని ప్రయాణం రోజు పిల్లాడికి నీళ్లు, పాలు తగ్గించేస్తారు. మే నెలలో బాలాసోర్, కటక్ మీదుగా వెళ్లే స్లీపర్ పెట్టె వేడిలో అది పసివాడి ఒంట్లో నీరు లాగేస్తుంది. మూత్రం తగ్గి, చిక్కబడి మంట పుడుతుంది. తడిసిన బెర్తు తుడిస్తే పోతుంది. నీరు తగ్గిన పిల్లాణ్ని అర్ధరాత్రి ఏ స్టేషన్‌లో దించాలో తెలియదు. విరేచనాలు పట్టుకుంటే వాడటానికి సంచిలో ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉండాలి. ఆ ఉప్పు-చక్కెర నీటి శక్తిని 1971లో శరణార్థుల శిబిరంలో లోకానికి చూపించింది కూడా బెంగాల్ వైద్యుడే, దిలీప్ మహలనబిస్.

మిగతాదంతా ఇంటి తెలివే. పాత నూలు చీర చింపిన పక్కగుడ్డలు నాలుగు, వాటి కింద రబ్బరు షీటు, లెక్కకు మించి రెండు నిక్కర్లు, చేతులు కడగడానికి సబ్బు, పిల్లాడికి అలవాటైన చిన్న ప్లాస్టిక్ పాటీ. కింది బెర్తు దొరికితే సగం కష్టం తీరినట్టే. అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, కాబట్టి బెర్తూ లేదు. తల్లి పక్కనే పడుకోవాలి. 2022 మేలో లక్నో మెయిల్‌లో తల్లి బెర్తుకు ఆనించి చిన్న ‘బేబీ బెర్తు’ పెట్టి చూసిన రైల్వే, పిల్లాడి గుడ్డ మార్చడానికి ప్రతి పెట్టెలో ఒక మడత బల్ల పెట్టడం గురించీ ఆలోచించవచ్చు. ఓడలో ఈతకొలను నియమాలు రాసినంత శ్రద్ధగా రైల్లో పసివాడి అవసరాన్నీ లెక్కలోకి తీసుకోవడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

మాట విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఖరగ్‌పూర్ పిల్లాడికి ఇంట్లో అమ్మ చెప్పింది ‘ఉచ్చ’, పనిమనిషి నేర్పింది ‘హిసు’, పక్కింటి హిందీ పిల్లలు అనేది ‘సూసూ’. వాడికి ఏది ముందు నోటికొస్తే అదే అంటాడు. ఊళ్లో అమ్మమ్మకు ‘హిసు’ అర్థం కాదు. వాడు రెండుసార్లు చెప్పి, మూడోసారి పోసేస్తాడు. ఆపైన ‘చెప్పడం కూడా రాదు’ అని నింద పడేది వాడి మీదే. ఏ మాట అంటున్నాడో ముందే ఫోన్‌లో చెబితే ఆ నింద తప్పుతుంది.

ఇక తండ్రి మాట. పెట్టెలో ఎవరి పిల్లాడు తడిపినా అందరూ చూసేది తల్లివైపే. నడిచే రైల్లో ఒక చేత్తో పిల్లాణ్ని, మరో చేత్తో మగ్గును, మోచేత్తో తలుపును పట్టుకుని నిలబడేదీ ఎక్కువసార్లు ఆమే. ఓఖిల్ బాబుకు కనీసం రెండు చేతులూ తన పనికే ఉన్నాయి. భర్త లేచి ఒక విడత తాను తీసుకెళితే, ఎదురు బెర్తు పెద్దాయన ‘‘పర్లేదమ్మా, పిల్లలన్నాక తడపరా’’ అంటే ఆ రాత్రి సగం తేలికవుతుంది.

తెల్లవారి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగేటప్పటికి పిల్లాడి ఒంటి మీద ఉండేది బహుశా ఆఖరి నిక్కరే. ప్లాట్‌ఫారమ్ మీద ఎదురుచూస్తున్న తాతయ్య అది పొడిగా ఉందో లేదో చూడడు. చేతులు చాచి ఎత్తుకుంటాడు. చొక్కా తడిస్తే నవ్వుతాడు. ఆయన కొడుకో కూతురో కూడా ఇదే స్టేషన్‌లో, ఇదే వయసులో, ఇలాగే దిగిన రోజు ఆయనకు గుర్తుంటుంది.