లెక్కలోనికి రాని భూసారము

కృష్ణా డెల్టాలోని ముదినేపల్లి పరిసరములందు సార్వా వరి పండి, కోతకు రెండు మూడు దినములున్నదనగా, మడిలో నింకను ఆరని పదునును నమ్ముకొని రైతు నిలువుచేలోనే మినుములు చల్లును. దుక్కితో పనిలేక, మిగిలిన తేమను, రాత్రి కురియు మంచును ఆధారముగా గొని ఆ పైరు మూడు మాసములలోపల చేతికందును. ఇంత స్వల్పమైన పెట్టుబడితో నింతటి ఫల మెట్లు సిద్ధించుచున్నదో తెలియవలెనన్న మొక్క వేళ్లనంటియున్న పలుచని మట్టిపొరను పరికింపవలెను.

1904లో జర్మను శాస్త్రజ్ఞుడగు లోరెంజ్ హిల్ట్‌నర్ ఈ పొరకు రైజోస్ఫియర్ అని పేరిడెను. మొక్క యెండలో సిద్ధపరచుకొన్న చక్కెరలలో, ఆమ్లములలో కొంతభాగమును వేళ్లనుండి వెలికి విడుచును. దానికై లెక్కకందని సూక్ష్మజీవులు చేరును. వానిలో కొన్ని గాలిలోని నత్రజనిని బంధించి యిచ్చును, కొన్ని బిగిసియున్న భాస్వరమును కరగించును, కొన్ని తెగుళ్లను దరిజేరనీయవు. నీరు నిలిచిన వరిమడిలో నీ వ్యవహారము మరింత విచిత్రము. ప్రాణవాయువు లేని యా బురదలోనికి వరిమొక్క తన కాండమందలి గాలిదారులగుండ వాయువును దింపుకొనును. పెరికిన వేళ్లపై కానవచ్చు త్రుప్పురంగు దాని చిహ్నమే. నీట మునిగియున్నంతకాలము సులభముగా లభించిన భాస్వరము నేల ఆరగానే మరల బిగిసిపోవును. అప్పుడు మినుమువేరులో చొచ్చి వెలుపలికి తంతువులు సాచు శిలీంధ్రములు వేరునకందని చోటినుండి దానిని తెచ్చిపెట్టును. నత్రజని సంగతి వేరుబుడిపెలలో నుండు రైజోబియం అను సూక్ష్మజీవి చూచుకొనును. నెలనాటి మొక్కను మెల్లగా పెల్లగించి వేరుబుడిపెను గోటితో చీల్చినపుడు లోపల గులాబివర్ణ మగపడినచో పని సాగుచున్నదనియు, తెల్లగానో పచ్చగానో యున్నచో సాగుటలేదనియు రైతే నిర్ణయించుకొనవచ్చును.

2015లో ఆరంభమైన భూసార పరీక్షా పత్రములో 12 అంశములు గలవు. వానిలో జీవమును కొలుచున దొక్కటియు లేదు. ఆ పత్రమును నేను నిరసించుట లేదు. సముద్రమునకు చేరువనున్న యీ సీమలో చౌడెంతయో, జింకు లోపమెంతయో తెలియక తీరదు. అయినను లెక్కింపబడనిది పోయినపుడు పోయినట్లు తెలియదు. మినుమునకు మారుగా దాళ్వా వరి వచ్చినను, పొలమే చేపలచెరువైనను, యంత్రపు కోత పిదప గడ్డికి నిప్పుపెట్టినను జరుగు నష్టము ఆ పత్రమునకెక్కదు. గడ్డి కాలినపుడు దానిలోని నత్రజనిలో నధికభాగము గాలిపాలగును. సూక్ష్మజీవులకు మిగులవలసిన యాహారము బూడిదయగును.

పొట్లములలో సూక్ష్మజీవులను కొని తెచ్చుటయే దీనికి విరుగుడని తలచువారు గలరు. రైజోబియం క్రొత్తగా అపరాలు వేయు నేలకు మేలుచేయును. కాని తరతరములుగా మినుము పండిన మాగాణిలో నా జాతి మునుపే నెలకొనియుండును, పైగా దుకాణమందు వేడికి మ్రగ్గిన పొట్లములో ప్రాణము మిగులుట సందేహము. ఉన్నవానికి తిండిపెట్టుటయే నా దృష్టిలో ప్రధానము. 2016 నుండి రాష్ట్రమున సాగుచున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమములో, తొలకరికి ముందే నవధాన్యములు చల్లించి, నేలలో వీలైనన్ని నెలలు సజీవమైన వేరుండునట్లు చూచుట నాకు మిక్కిలి నచ్చిన భాగము. మన డెల్టాలో పశువుల మేతకును, పచ్చిరొట్టకును పెద్దలు వేసిన పిల్లిపెసర, జనుము చేసిన పనియు నదియే. వాని విత్తనమునకు యూరియాకిచ్చు శ్రద్ధలో కొంతయైన నీయవలదా?

నేలలోని యీ జీవమును కొలుచు పరీక్షకు గొప్ప యంత్రములక్కరలేదు. తడిపిన మట్టి యొకదినములో విడుచు బొగ్గుపులుసు గాలిని కొలిచిన అందలి జీవుల చలనము తెలియును. గ్రామమునకు కొన్ని పొలములనేర్పరచి, అందు మినుముమొక్కల బుడిపెలను లెక్కించి, వాని రంగును భూసార పత్రములోనే నమోదు చేయింపవలెను. డిసెంబరు నడుమ చల్లిన మినుమునకు సంక్రాంతి నాటికి నెల నిండును. వ్యవసాయశాఖ యీ పనికి పూనుకొనవలసిన కాల మదియే.