మేడ మీద 42 నిమిషాలు

1969 జనవరి 30, మధ్యాహ్నం. లండన్‌లో సెవిల్ రో వీధి. ఖరీదైన టైలర్ షాపులకి పేరున్న చోటు. లంచ్‌కి బయటికొచ్చినవాళ్లకి ఉన్నట్టుండి పైనుంచి గిటార్ల మోత! తలలెత్తి చూస్తే ఎవరూ కనపడరు. పాట మాత్రం వీధంతా మోగిపోతోంది. పాడుతున్నది బీటిల్స్. తమ సొంత ఆఫీసు మేడ మీద నుంచి!

అప్పటికి దాదాపు రెండున్నరేళ్లుగా వాళ్లు టికెట్ షోలు మానేశారు. అభిమానుల అరుపుల్లో తమ వాయింపు తమకే వినపడక విసిగిపోయారు మరి. ఆ జనవరిలో కొత్త పాటలు తయారుచేస్తుంటే, పక్కనే కెమెరాలు పెట్టి సినిమా కూడా తీశారు. చివర్లో ఒక పెద్ద షో చెయ్యాలని ప్లాన్. లిబియాలో రోమన్ల కాలం నాటి థియేటర్‌లో చేద్దామన్నారు, ఓడ మీద చేద్దామన్నారు. ఈలోగా గొడవలు. 10వ తేదీన జార్జ్ హారిసన్ బ్యాండ్ వదిలేసి వెళ్లిపోయాడు! బతిమాలితే వచ్చాడు గానీ, పెద్ద షో మాత్రం వద్దన్నాడు. లిబియా, ఓడ అన్నీ పోయి చివరికి మిగిలింది మేడ మెట్లెక్కడం.

పైన ఒకటే చలి, గాలి. జాన్ లెనన్ యోకో ఓనో ఫర్ కోటు తొడుక్కున్నాడు. డ్రమ్స్ దగ్గర రింగో స్టార్ తన భార్య ఎర్ర రెయిన్‌కోటులో ఉన్నాడు. మైకుల్లో గాలి హోరు రాకుండా ఏం చేశారో తెలుసా? అలన్ పార్సన్స్ అనే 20 ఏళ్ల కుర్రాడిని షాపుకి పంపి ఆడవాళ్ల మేజోళ్లు తెప్పించి చుట్టారు. ఏ సైజు కావాలని అడిగితే ఏదైనా పర్లేదన్నాడట! తర్వాత పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’కి సౌండ్ ఇంజనీర్ ఈ కుర్రాడే.

ఎలక్ట్రిక్ పియానో మీద బిల్లీ ప్రెస్టన్ కూర్చున్నాడు. పాటలు ఐదే, కొన్నిటిని రెండు మూడుసార్లు వాయించారు. ‘డిగ్ ఎ పోనీ’ మాటలు గుర్తుండవని ఒకతను కాగితం పట్టుకుని జాన్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు పాపం.

అందరూ పోలీసుల సీనే చెప్పుకుంటారు. నాకైతే ‘వన్ ఆఫ్టర్ 909’ ముఖ్యం. జాన్, పాల్ ఇంకా కుర్రాళ్లుగా ఉన్నప్పుడు రాసుకున్న పాట అది. 1963లో రికార్డు చేసి నచ్చక పక్కన పడేశారు. ఇప్పుడు జాన్‌కి 28, పాల్‌కి 26. మధ్యలో వ్యాపారం తగాదాలు, అలకలు. కానీ ఆ పాట మొదలవగానే ఇద్దరి మొహాలూ చూడండి. ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటున్నారు, రిహార్సల్ ఎగ్గొట్టిన పిల్లల్లా. ఏడాది తిరిగాక విడిపోబోయేవాళ్లని ఎవరూ అనుకోరు.

ఇంతలో చుట్టుపక్కల ఆఫీసులవాళ్లు ఫిర్యాదు చేశారు. పోలీస్ స్టేషన్ అదే వీధిలో! రిసెప్షన్‌లో వాళ్లని కాసేపు మాటల్లో పెట్టారు, అక్కడ కెమెరా దాచి ఉంచారు కూడా. పోలీసులు పైకి చేరాక, బ్యాండ్ రోడ్ మేనేజర్ మాల్ ఎవాన్స్ భయపడి జాన్, జార్జ్‌ల ఆంప్లిఫయర్లు ఆపేశాడు. జార్జ్ వెంటనే తనది మళ్లీ ఆన్ చేసేశాడు. షో వద్దన్నది కూడా ఆయనే! ‘గెట్ బ్యాక్’ మూడోసారి వాయిస్తూ పాల్, ఇలా మేడలెక్కి పాడితే పట్టుకుపోతారంటూ అప్పటికప్పుడు మాటలు కలిపేశాడు. అరెస్టులు మాత్రం జరగలేదు. పోలీసులు తనని డ్రమ్స్ దగ్గర్నుంచి లాక్కెళ్తే సినిమాకి ఎంత బాగుండేదో అని రింగో తర్వాత వాపోయాడు.

1970లో వచ్చిన ‘లెట్ ఇట్ బీ’ సినిమాలో ఇదంతా కాస్త దిగులుగా కనిపించింది. 2021లో పీటర్ జాక్సన్ అదే ఫుటేజీతో దాదాపు 8 గంటల ‘గెట్ బ్యాక్’ తీశాడు. అంత టైమ్ లేకపోతే మూడో భాగం పెట్టుకోండి, మేడ మీది షో మొత్తం అందులో ఉంది. ‘వన్ ఆఫ్టర్ 909’ దగ్గర మాత్రం ఫార్వర్డ్ చెయ్యకండి.