బఫీకి జీతం ఎవరిస్తారు?

రక్తపిశాచాల సీరియల్ మీద గోడపత్రికకి రాస్తానంటే మా బెంచీ వాళ్ళు పడీపడీ నవ్వారు. "కోరలు, రక్తం, తన్నులు. అందులో రాయడానికి ఏముందే?" అన్నారు. మేడమ్ మాత్రం "రాయి, కానీ కథ చెప్పి ఊరుకోవద్దు, నీకేమనిపించిందో చెప్పు" అన్నారు. ఆ మాట పట్టుకుని రాస్తున్నాను.

'బఫీ ద వాంపైర్ స్లేయర్' అమెరికా టీవీలో 1997 మార్చి నుంచి 2003 మే దాకా వచ్చింది. ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు. మనం పుట్టకముందే అయిపోయిన సీరియల్‌ని నేను మొన్న సెలవుల్లో మా పిన్ని కూతురి ల్యాప్‌టాప్‌లో చూశాను. సన్నీడేల్ అని ఒక ఊరు. ఆ ఊరి హైస్కూలు కింద నరకానికి దారి ఉంటుంది. పిశాచాల్ని వేటాడే శక్తి ఒక తరంలో ఒక్క అమ్మాయికే వస్తుంది, ఆమె చనిపోతేనే ఇంకొకరికి. ఇప్పుడు ఆ అమ్మాయి బఫీ. పగలు క్లాసు, రాత్రి శ్మశానం, చేతిలో మొన చెక్కిన కర్ర.

భయం సినిమాల్లో చీకటి సందులోకి వెళ్ళిన అమ్మాయి కేక పెట్టి చచ్చిపోతుంది కదా. దాన్ని తిరగెయ్యాలనే ఈ కథ పుట్టిందని సృష్టికర్త జాస్ వీడన్ చెప్పాడు. మొదటి సీన్‌లోనే ఒక అబ్బాయి ఒక అమ్మాయిని రాత్రిపూట బడిలోకి తీసుకొస్తాడు. ఆ పిల్ల బెదురుతూ ఉంటుంది. అయ్యో పాపం అనుకునేలోపు కోరలు బయటికొచ్చేది ఆమెకే!

దీన్నే అందరూ మెచ్చుకుంటారు, అమ్మాయి బలంగా ఉందని. నాకు మాత్రం ఆమె బలం కంటే ఆ బలం ఎవరి చేతిలో ఉందన్నదే పట్టుకుంది. బఫీ మీద ఒక కౌన్సిల్ ఉంటుంది. కోట్లు వేసుకున్న పెద్దమనుషులు ఇంగ్లండులో కూర్చుని ఆమెకు పనులు చెబుతుంటారు. ఆమెకు పద్ధెనిమిదేళ్ళు నిండేటప్పుడు ఒక పరీక్ష పెడతారు. చెప్పకుండా మందు ఎక్కించి శక్తి తీసేసి, ఒక పిశాచంతో పాటు ఇంట్లో పెట్టి తాళం వెయ్యాలి. ఆ సూది పొడిచేది ఎవరో కాదు, ఆమె గురువు, స్కూల్ లైబ్రేరియన్ జైల్స్. తర్వాత తట్టుకోలేక నిజం చెప్పేస్తాడు, ఉద్యోగం ఊడుతుంది. తండ్రి ప్రేమ చూపించాడన్నదే అతని మీద నేరం. ఆ ఎపిసోడ్ చూశాక నాకు నిద్ర పట్టలేదు. పిశాచానికి భయపడి కాదు.

ఇంకో సంగతి. జైల్స్‌ది జీతం ఉన్న ఉద్యోగం. ప్రాణం పణంగా పెట్టే బఫీకి పైసా లేదు. అయిదో సీజన్‌లో ఆమె కౌన్సిల్‌ని నిలదీస్తుంది, నేను లేకపోతే మీకు పనే లేదు పొమ్మంటుంది. అప్పుడు కూడా జైల్స్‌ని మళ్ళీ తీసుకోమని, పాత జీతం బకాయిలతో ఇవ్వమని అడుగుతుందే తప్ప తనకేమీ అడగదు. మన ఇళ్ళలో అమ్మలు ఇలాగే కదా! తల్లి పోయాక చెల్లెల్ని సాకడానికి, ఇంటి బిల్లులు కట్టడానికి బఫీ బర్గర్ల షాపులో టోపీ పెట్టుకుని నిలబడుతుంది. ఆరో సీజన్ విసుగని చాలామంది అంటారు. నాకైతే అదే అన్నిటికంటే నిజంగా అనిపించింది.

చివర్లో తెలుస్తుంది, "ఒక్క అమ్మాయే" అన్న నియమం ఎప్పుడో కొందరు మగవాళ్ళు పెట్టిందని. బఫీ దాన్ని పాటించనంటుంది. స్నేహితురాలు విల్లో మంత్రంతో ఆ శక్తి అర్హత ఉన్న అమ్మాయిలందరికీ ఒక్కసారే వెళుతుంది. ఎక్కడో ఒక ఇంట్లో తనమీదికి లేచిన చేతిని ఒక అమ్మాయి గట్టిగా పట్టుకుంటుంది. అక్కడ ఏడ్చాను, దాచను.

"ఇంత రాశావు, ఆ వీడన్ గురించి తెలుసా?" అని అడిగేవాళ్ళున్నారు. తెలుసు. సెట్లో అధికారాన్ని దుర్వినియోగం చేశాడని 2021లో నటి కరిస్మా కార్పెంటర్ బయటపెట్టింది. ఆరోపణల్లో కొన్నిటిని ఆయన కాదన్నాడు. బఫీగా వేసిన సారా మిషెల్ గెల్లర్ మాత్రం, తన పేరు బఫీతో కలిసి ఉండటం గర్వమే గానీ ఎప్పటికీ వీడన్ పేరుతో ముడిపడి ఉండటం ఇష్టం లేదంది. నాకు ఇది కౌన్సిల్ సీన్‌లాగే తోచింది. కథ కాగితం మీద పెట్టింది ఆయనే, కాదనను. దాన్ని ఏడేళ్ళు మోసింది ఎవరో కూడా చూడాలి కదా.

ఇక మన సందు. బస్‌స్టాప్ నుంచి హాస్టల్ దాకా ఉన్నదే. పోయినేడు మనకి రెండు రోజులు ఆత్మరక్షణ నేర్పించారు. మోచేత్తో ఎలా పొడవాలో నాకు ఇప్పటికీ గుర్తుంది, మంచిదే. కానీ ఆ సందులో దీపం మాత్రం వెలగలేదు. ఒక్కొక్కరినీ బఫీని చేసి వదిలేస్తే సరిపోతుందా? సాయంత్రం ల్యాబ్ అయ్యాక మేం తొమ్మిదిమందిమి కలిసే నడుస్తున్నాం, ఫస్టియర్ పిల్లల్ని మధ్యలో పెట్టుకుని. రెండు అర్జీలిచ్చాం, జవాబు లేదు. మూడోది శుక్రవారం ఇస్తాం. సంతకం పెట్టేవాళ్ళు మధ్యాహ్నం భోజనాలప్పుడు మన డిపార్ట్‌మెంట్ వరండాకి రండి, పెన్ను నేనే తెస్తాను.