మన్ను కలుపుటయు నొక విద్యయే

చేతిపనికై విడిచిన గంటను వృథాకాలముగా నెంచు తల్లిదండ్రులు నేటికిని గలరు. కొన్ని పాఠశాలలును ఆ మాటకు తగినట్లే ప్రవర్తించుచున్నవి. అంగడిలో సిద్ధముగా నమ్ము మన్నును పొట్లములతో కొని తెచ్చి, పిల్లలచేత పండ్లను పక్షులను చేయించి, వార్షికోత్సవమునాడు బల్లలపై వరుసగా నుంచుట పరిపాటి యైనది. బొమ్మలు చూడ ముచ్చటగనే యుండును. అయినను ఆ పనిలో విద్య యనదగిన భాగము అంగడియందే మిగిలిపోయినదని మా యభిప్రాయము. మన్నుపనిలో బుద్ధికి పదును పెట్టునది మన్నును కలుపుటయే. రూపము తీర్చుట దాని తరువాతిది.

మన్ను అన్నిచోట్ల నొక్కటి కాదు. బంకమన్నులోని రేణువులు మిక్కిలి సన్నని పలకలవంటివి. వాని నడుమ నీరు చేరినప్పుడు అవి యొకదానిపై నొకటి జారును. అందుచేతనే మన్ను మనము వంచినట్లు వంగును. నీరారినకొలది పలకలు దగ్గరచేరి వస్తువు కుదించుకొనును. జిగట మితిమీరిన మన్ను పగులును. జిగట చాలనిది సారెపై నిలువదు. ఈ రెంటి నడిమి త్రోవ కనుగొనుటయే కలుపుటలోని రహస్యము. కుమ్మరి చెరువుమన్నులో ఇసుకనో, బూడిదనో, ఊకనో చేర్చి, కాలితో త్రొక్కి, వ్రేళ్లమధ్య నలిపిచూచి "ఇక చాలు" ననును. ఆ మాట వెనుక తరతరముల పరీక్ష లున్నవి. అతని కడవ తక్కువ వేడిమిలో కాలినదగుటచే సూక్ష్మరంధ్రములు కలిగియుండును. ఆ రంధ్రములనుండి ఊరిన నీరు ఆవిరి యగుటవలననే వేసవిలో కడవనీరు చల్లబడును.

పింగాణికి అట్టి రంధ్రములు పనికిరావు. తెల్లసుద్ద సగము, ఫెల్డ్‌స్పారు పాతిక, పలుగురాతిపొడి పాతిక యనునది దానికి ప్రసిద్ధమైన పాళము. సుద్ద ఆకృతిని నిలుపును. పలుగుపొడి కుదింపును తగ్గించును. ఫెల్డ్‌స్పారు సుమారు 1,300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కరగి, గాజువలె తక్కినవానిని బంధించును. ఈ సరకులకై దూరదేశములకు పోనక్కరలేదు. ద్వారకా తిరుమల ప్రాంతమున జిగటసుద్దయు, గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులయొద్ద ఫెల్డ్‌స్పారును పలుగురాయియు లభించును.

అంబలివలె జారు మన్నును స్లిప్పు అందురు. ఇంచుక ఆరిన కుండపై దీనిని పూసిన రంగు మారును. అతుకునొద్ద రాచిన పిడి గట్టిగా నిలుచును. పూత కుండకంటె నెక్కువగా కుదించుకొన్నచో బీటలు వారును. తక్కువగా కుదించుకొన్నచో పెచ్చులై యూడును. అచ్చులో పోయు స్లిప్పు ఇంకను విచిత్రమైనది. నీరు పోసినకొలది పని సుకర మగునని పిల్లలు తలంతురు. కాని నీరెక్కువైనచో వస్తువు మిక్కిలి కుదించుకొని పగులును. నూటికి అరపాలు మించని సోడియం సిలికేటు చేర్చినచో రేణువు లొండొంటిని తొలగద్రోసికొని, ముద్దగా నున్న మన్ను కొద్దినీటితోనే పారును. రసాయనశాస్త్రమును కంటితో చూపు పాఠ మింతకంటె వేఱొకటి కలదా?

శిల్పమునకు కావలసిన మన్ను వేఱు. కాలిన పెంకుల పొడి చేర్చినగాని దళసరి బొమ్మ సరిగా నారదు. లోన తడి మిగిలిన బొమ్మ ఆవములో ఆవిరిచే పగిలిపోవును. కనుకనే బొమ్మను బోలుగా చేయవలెను. సంగారెడ్డి జిల్లాలోని కొండాపురము త్రవ్వకములయందు శాతవాహనుల కాలపు సుద్దబొమ్మలు, రెండచ్చులతో చేసిన బోలుబొమ్మలు లభించినవి. ఆ శిల్పులు పుస్తకములు చదివియుండకపోవచ్చును. మన్నును మాత్రము చదివిరి.

ఇంగ్లండు దేశమున కుమ్మరి కుటుంబములో 1730లో పుట్టిన జోసయ్యా వెడ్జ్‌వుడ్ తండ్రి మరణానంతరము బాల్యముననే బడి విడిచి పనిలో ప్రవేశించెను. ఆయన జాస్పరను నూతన మన్నుకై వేలకొలది మిశ్రమములను కాల్చిచూచి, ప్రతిదానికి గురుతు వేసి పుస్తకమున వ్రాసికొనెను. మన్ను కుదించుకొను కొలతనుబట్టియే కొలిమి వేడిమిని లెక్కించు సాధనమును కల్పించి, 1783లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఆయనను శాస్త్రజ్ఞుని జేసినది ఆ వ్రాతపుస్తకమే.

కనుక మా సూచన యిది. నలుగురు పిల్లలకొక జట్టు చొప్పున, బంకమన్నులో నూటికి 10, 20, 30 పాళ్ల ఇసుక కలిపి మూడు బిళ్లలు చేయవలెను. పచ్చిబిళ్లపై 10 సెంటీమీటర్ల గీత గీచి, ఆరినపిమ్మట నొకసారి, కాల్చినపిమ్మట నొకసారి కొలువవలెను. గీత 9.2 సెంటీమీటర్లకు దిగినచో కుదింపు నూటికి 8 అన్నమాట. పగిలిన బిళ్లను పారవేయక, పగిలిన కారణమును వ్రాయవలెను.

ఇందులకు కాలము చాలదని కొంద రాక్షేపింతురు. బొమ్మల సంఖ్య తగ్గుట నిజమే, తగ్గనిండు. అంతకంటె బరువైన ఆక్షేపణ దుమ్మును గూర్చినది. పొడిమన్ను, పలుగుపొడి గాలిలో లేచి ఊపిరితిత్తులకు హాని చేయును. అందుచేత పొడులను ఉపాధ్యాయుడే తూచి నీటిలో వేయవలెను. గదిని పొడిగా నూడ్వక తడిగుడ్డతో తుడువవలెను. ఇది మానదగిన పని కాదు, జాగ్రత్తతో చేయదగిన పని.

కడపట నొక్క మాట. ఈ పాఠమునకు ఊరి కుమ్మరిని ఆహ్వానించి, తగిన వేతన మిచ్చి, ఉపాధ్యాయుని కుర్చీపై కూర్చుండబెట్టవలెను. తండ్రి వృత్తి యేమని యడిగినప్పుడు తల వంచుకొను బాలురు మన తరగతులలో నున్నారు. తండ్రి వ్రేళ్లకు తెలిసిన సంగతినే తాము అంకెలలో వ్రాయుచున్నామని ఎరిగిన దినమున ఆ బాలుడు తల యెత్తును. తక్కిన బాలురును అతనిని వేఱు దృష్టితో చూతురు. ఆ యొక్క ఫలమునకైనను, తల్లిదండ్రులారా, మీ పిల్లల చేతులు వారమున కొక గంట మన్నులో మాయనిండు.