గొడవకోసం నిలబడ్డ అభ్యర్థి

సర్కారును నమ్మనివాడు సర్కారులో కూర్చుంటానని ఓట్లడగటం ఏమిటి? వ్యక్తి స్వేచ్ఛను మించింది లేదనేవాళ్ళు ఎన్నికలకు దిగితే జనం వేసే మొదటి ప్రశ్న ఇదే. సబబైన ప్రశ్నే.

మన తెలుగువాళ్ళలో దీనికి రెండు జవాబులు కనిపిస్తాయి. ఒకటి నిడుబ్రోలువారిది. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని తీర్మానించగానే, రైతు చేను రైతుకు దక్కదని ఆచార్య రంగాగారు కాంగ్రెసుకు ఒక దండం పెట్టి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షులయ్యారు. 1962లో తెనాలిలో ఓడి, చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచారు. ఆయనకు స్వేచ్ఛ అంటే రైతు పొలంగట్టు. గట్టు నిలవాలంటే పార్టీ కావాలి, పార్టీకి సీట్లు కావాలి. లెక్క తేలికే.

రెండవ జవాబు మా ఓరుగల్లుది. అది అంత తేలిగ్గా తేలదు.

కాళోజీ నారాయణరావుగారు 1914లో కన్నడసీమ రట్టిహళ్ళిలో పుట్టి మా మడికొండలో పెరిగారు. తండ్రిది మరాఠీ, తల్లిది కన్నడం, అన్నగారు రామేశ్వరరావుగారు ఉర్దూ కవి. ఇన్ని భాషల ఇంట్లోనుంచి వచ్చి తెలుగును తనదిగా చేసుకున్నారు. వకాలతు చదివారు. నిజాం కాలంలో జైలు చూశారు, నగర బహిష్కారమూ పొందారు. నిజాం పోయాక చాలామందికి గొడవ తీరిపోయింది. ఖద్దరు ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నారు. ఈయనకు తీరలేదు. 1953లో వచ్చిన పుస్తకం పేరే ‘నా గొడవ’.

క్లాసులో ఒక కుర్రవాడు అడిగాడు: “అవన్నీ లోకం గొడవలే గదండీ, నా గొడవ అంటారేం?” కీలకమంతా ఆ ‘నా’లోనే ఉంది నాయనా, అన్నాను. ‘మన గొడవ’ అంటే పదిమందీ పంచుకుంటారు. పంచుకున్నది ఎవరికీ బరువు కాదు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడికి జరిగిన అన్యాయాన్ని ‘నాది’ అన్నవాడికి మాత్రం తప్పించుకోను దారి ఉండదు. కాళోజీగారిని బరిలోకి లాగింది అదేనని నా ఊహ.

పదవి ఆయనకు కలిసివచ్చిన వస్తువు కాదు. 1952లో వరంగల్లు లోకసభ స్థానానికి పోటీచేసి పి.డి.ఎఫ్. అభ్యర్థి పెండ్యాల రాఘవరావుగారి చేతిలో ఓడిపోయారు. 1958 నుంచి 1960 దాకా శాసనమండలిలో ఉన్నారు. ఆ రెండేళ్ళను గురించి చెప్పుకునేవాళ్ళు మా ఊళ్ళో నాకు తగల్లేదు. అసలు కథ తరువాతిది.

1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చింది. జూలైలో మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో పోలీసులు నలుగురు యువకులను కాల్చి చంపారు. అందులో ఒకడు మా వరంగల్లు రీజనల్ ఇంజనీరింగు కాలేజి విద్యార్థి. ఎదురుకాల్పులన్నారు. 1977లో తార్కుండేగారి అధ్యక్షతన పౌరుల సంఘం ఒకటి విచారణకు బయలుదేరితే అందులో కాళోజీగారు సభ్యులు. పట్టుకుని కాల్చినవేనని ఆ సంఘం నివేదించింది. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారు.

1978 శాసనసభ ఎన్నికల్లో అరవై దాటిన ఈ కవి సత్తుపల్లి వెళ్ళి, ఆ ముఖ్యమంత్రి మీదనే నిలబడ్డారు. వెంగళరావుగారికి అది సొంత గడ్డ. గెలుస్తానని కాళోజీగారు అనుకుని ఉంటారని నేననుకోను. కాని మామూలు పౌరుడు ముఖ్యమంత్రిని నిలవేసి అడగాలంటే దర్బారు గుమ్మందగ్గరే ఆగిపోవాలి. అభ్యర్థి అయితే ఆయన ఊళ్ళోనే, ఆయన ఓటర్ల ముందే అడగవచ్చు. నామినేషను కాగితం ఇచ్చే హక్కు అంతే, చాలా పెద్దది.

నా సహోపాధ్యాయుడొకాయన ఒప్పుకోడు. “గెలవని పోటీవల్ల వ్యతిరేక ఓట్లు చీలటం తప్ప ఒరిగేదేముందయ్యా!” అంటాడు. కొట్టిపారేయదగ్గ మాట కాదది. సీట్ల లెక్కన చూస్తే రంగాగారి దారే దారి. అయితే ఆ నలుగురు కుర్రవాళ్ళ ఊసు సీట్ల లెక్కలో ఏ పద్దుకింద వస్తుందో ఆయనా చెప్పలేకపోయాడు.

కాళోజీగారు ఓడిపోయారు. సత్తుపల్లిలో గెలిచిన వెంగళరావుగారికి ముఖ్యమంత్రి పదవి మాత్రం దక్కలేదు. ఆయన పక్షం రాష్ట్రమంతటా దెబ్బతిని, మార్చిలో చెన్నారెడ్డిగారు గద్దె ఎక్కారు. కాళోజీగారు హనుమకొండలో మళ్ళీ తన గొడవ తాను రాసుకుంటూ కూర్చున్నారు, కొత్త సర్కారు మీద.