ప్రార్థన చేశాము, పక్కును చూడలేదు



మొదటి సమూయేలు 6వ అధ్యాయములో ఒక వింత కానుక ఉంది. దేవుని మందసమును పట్టుకుపోయిన ఫిలిష్తీయులు దానిని తిరిగి పంపుతూ, బంగారముతో అయిదు గడ్డలను, అయిదు పందికొక్కులను చేయించి వెంట పంపారు. ఒంటి మీది గడ్డలకూ పొలములోని పందికొక్కులకూ ఏదో సంబంధమున్నదని ఆ అన్యజనులకే తోచినట్లుంది. ఈ భాగమును మేము చాలాసార్లు బోధించాము గాని, అది మా సంఘపు గడప దాకా వస్తుందని అనుకోలేదు.

వేరుశనగ పీకే రోజులలో మా సంఘములోని ఒక సహోదరికి జ్వరము పట్టుకుంది. తలనొప్పి, ఒళ్లంతా విరిచేసే నొప్పులు. ఊరిలోనే సూదులు వేయించారు, తగ్గలేదు. మేము వరుసగా ఆరు రాత్రులు వెళ్లి ప్రార్థన చేశాము. ఏడవ రోజున ఆయాసము మొదలయ్యేసరికి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ, "సిగ్గుపడవద్దమ్మా" అంటూ చీర బిగించి కట్టే చోట, నడుము మీద వెదకింది. బీడీతో కాల్చినట్లు ఒక నల్లని పక్కు కనబడింది. నొప్పి లేదు గనుక ఆమె దానిని ఎవరికీ చెప్పలేదు. సరియైన మందు పడిన రెండు రోజులకు జ్వరము దిగింది.

ఈ జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. స్క్రబ్ అంటే పొదలతో నిండిన చిట్టడవి. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో బర్మా అడవులలో పోరాడిన సైనికులను ఇది ఎంతగానో బాధించింది. ఈ కరువు సీమకు అడవి జబ్బు ఎలా వచ్చిందని మీరడగవచ్చు. దానికి పెద్ద అడవి అక్కరలేదు. రేగు పొదలు, పొలము గట్ల మీది గడ్డి, వానలు పడిన తరువాత పచ్చబడిన బీడు చాలు. ఎలుకలు, చుంచులు, పందికొక్కులు తిరిగే అటువంటి చోట్ల ఒక రకమైన నల్లి బ్రతుకుతుంది. ఇది మంచములోని నల్లి కాదు. దీని పిల్ల కంటికి ఆనదు. పిల్లగా ఉన్నప్పుడు ఒక్కసారే అది మరొక జీవి ఒంటిని పట్టి తింటుంది. సాధారణముగా ఆ జీవి ఎలుక. మనిషి అక్కడ కూర్చుంటే మనిషినీ పట్టుతుంది. రోగక్రిమి తల్లి నల్లి నుండి గుడ్ల ద్వారానే పిల్లలకు సంక్రమిస్తుంది. ఎలుక వాటిని పోషించి, చోటు నుండి చోటుకు మోస్తుంది.

కుట్టిన 6 నుండి 21 రోజులలోపు జ్వరము వస్తుంది. క్రిమి మన శరీర కణముల లోపల దాగి ఉంటుంది గనుక పెన్సిలిన్ జాతి సూదిమందులు దాని మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ పనిచేస్తాయి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు దెబ్బతింటాయి. 1900లో ఐడా స్కడరమ్మ ఒకే పడకతో ప్రారంభించిన వేలూరు క్రైస్తవ ఆసుపత్రి వైద్యులు, మరికొన్ని ఆసుపత్రులతో కలిసి దాదాపు 800 మంది రోగులను పరిశీలించారు. జబ్బు ముదిరినప్పుడు ఈ రెండు మందులనూ కలిపి ఇవ్వడమే మేలని 2023లో తేల్చారు. మందు నిర్ణయించవలసినది మాత్రము వైద్యుడే.

ఆరు రాత్రులు ప్రార్థించినందుకు మేము విచారించడము లేదు. మొదటి రాత్రే ఆసుపత్రికి వెళ్లమని చెప్పనందుకు విచారిస్తున్నాము. చెబితే కాపరికే విశ్వాసము లేదని సంఘము అనుకుంటుందేమోనని లోలోపల భయపడ్డాము. ఆ భయమునకు ఒక తల్లి ప్రాణము వెల కట్టవలసి వచ్చేది. యెషయా 38వ అధ్యాయము చూడండి. హిజ్కియాకు పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము తెచ్చిన ప్రవక్తయే, అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమని కూడా చెప్పాడు. అది ఆయనకు అవిశ్వాసముగా తోచలేదు.

కనుక సహోదరులారా, సహోదరీలారా, పొలము పని చేసేటప్పుడు ఒళ్లు కప్పే బట్టలు వేసుకోండి. గడ్డి మీద పడుకోవద్దు, ఉతికిన బట్టలు పొదల మీద ఆరవేయవద్దు. ఇంటికి రాగానే స్నానము చేసి, బట్టలు మార్చుకోండి. ఇంటి చుట్టూ పొదలు కొట్టివేయండి. జ్వరము వస్తే చంకలు, గజ్జలు, రొమ్ముల క్రింద, నడుము చూసుకోండి. పక్కు లేకపోయినా జబ్బు ఉండవచ్చు. పొలములో, పొదలలో తిరిగిన సంగతి వైద్యునికి చెప్పండి. ఇది మనిషి నుండి మనిషికి అంటదు గనుక జ్వరము వచ్చిన ఇంటికి వెళ్లడము మానవద్దు.

ఇప్పుడు మేము జ్వరమున్న ఇంటికి వెళితే ప్రార్థన ముగించగానే, "తెల్లవారి మొదటి బస్సుకు ఎవరు తోడు వెళతారు?" అని అడుగుతున్నాము. ఆ తల్లి నిరుడు కోత పండుగలో తన వేరుశనగ బుట్టను తానే మోసుకొచ్చి బల్ల ముందు పెట్టింది.